ఎరువుల గిడ్డంగులు: ఎవరి పూచీ?

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యని మన పెద్దలు ఊరక యనలేదు. కాని మన యధికారవర్గమువారు ఆ సామెతను సైతము ఒక మెట్టు మించినారు. తమ యిల్లు కాలినప్పుడు గాదు, సముద్రముల కావల పరుల యిల్లు కాలినప్పుడు గాని వారికి బావి జ్ఞప్తికి రాదు. ఆ బావియైనను పొగ యారువరకే త్రవ్వుదురు. పిమ్మట పలుగును పారను గోడకు జేరవేసి మరల నిద్రింతురు. ఈ మాట పరుషముగా నున్నదని యెవరైన నొచ్చుకొనినచో, ఈ క్రింది వృత్తాంతమును చదివిన పిమ్మట మమ్ము నిందింతురు గాక.

2020వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీ సాయంకాలమున లెబనాను దేశపు రాజధానియగు బేరూతు రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు పేలినది. రెండువందల మందికి పైగా మరణించిరి. వేలకొలది జనులు గాయపడిరి. సుమారు మూడు లక్షల మందికి నిలువ నీడ లేకపోయెను. ఆ సరకు శత్రువులు తెచ్చిపెట్టినది కాదు. 2013లో ఒక ఓడలో వచ్చినది. ఓడ ప్రయాణమునకు తగదని నిలిపివేయబడగా, మరుసటి యేడు సరకు రేవు గిడ్డంగిలోనికి దింపబడి అచ్చటనే ఆరేండ్లు పడియుండెను. అది ప్రమాదకరమని రేవు నధికారులకు తెలియకపోలేదు. సుంకపుటధికారులు న్యాయమూర్తికి జాబులపై జాబులు వ్రాసిరి. కాగితము కదలినది గాని బస్తా కదలలేదు.

ఆ మంటల వెలుగులో మన దేశమువారు తమ గిడ్డంగులను వెదకుకొనిరి. చెన్నపట్టణమున కనతిదూరమున మనలి యొద్ద 37 కంటెయినర్లలో సుమారు 700 టన్నుల అదే పదార్థము పడియున్నదని లోకమునకు వెల్లడియైనది. 2015లో కస్టమ్సువారు పట్టుకొనిన సరకది. బేరూతు పేలిన అయిదవ నాటికి, అనగా ఆగస్టు 9వ తేదీన, వేలములో అమ్ముడుపోయిన ఆ సరకులో మొదటి పది కంటెయినర్లు హైదరాబాదు దారి పట్టినవి. వాని గమ్యస్థానమేది? మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో, శామీర్‌పేటకు పొరుగుననున్న కీసర మండలమునందలి పేలుడు పదార్థముల కర్మాగారము.

అయిదేండ్లు కదలని సరకు అయిదు దినములలో కదలినది. కదలించుటకు వలయు శక్తి మన ప్రభుత్వములకు ఆది నుండియు గలదనియు, లేనిది సంకల్పమే యనియు ఇంతకంటె స్పష్టముగా నిరూపించు సాక్ష్యము వేరొకటి యుండదు. ఆ సరకు దానిని వాడుకొనుటకు లైసెన్సు గల కర్మాగారమునకు చేరుట తప్పని మేమనము. రేవు ప్రక్కన పేరుకొనియుండుటకంటె అదియే మేలు. మా ప్రశ్న వేరు. ఆ దారిలోని యూళ్ళ జనులు గాని, ఈ మండలముల పౌరులు గాని ఆ సంగతిని ఎట్లు తెలిసికొనిరి? పత్రికలలో చదివి తెలిసికొనిరి. తమ యింటి ప్రక్కకు ఏమి వచ్చుచున్నదో పరుల దేశపు దుర్వార్తకు అనుబంధముగా చదువుకొనవలసిన దౌర్భాగ్యము స్వతంత్ర దేశపు పౌరునకు పట్టవచ్చునా?

ఈ పదార్థము స్వభావమెట్టిదో కొంచెము విచారింతము. అమ్మోనియం నైట్రేటు పొలములో చల్లిన ఎరువు. క్వారీలో కూరిన మందుగుండు. మన దేశమున దీనిని నేరుగా రైతునకు అమ్మరు. సున్నపురాతి పొడితో కలిపి కాల్షియం అమ్మోనియం నైట్రేటుగా అమ్ముదురు. శుద్ధమైన సరకు గనులకును రాళ్ళ క్వారీలకును పోవును. అది తనంతట తాను మండునది కాదు. కాని మంటకు వలయు ప్రాణవాయువు దాని కడుపులోనే యున్నది. నూనె, డీసెలు, గంధకము, రంపపుపొట్టు వంటివి దానిలో కలసినను, అది మూసిన చోట మిక్కిలి వేడెక్కినను, దాని నెమ్మదితనము నమ్మదగినది కాదు. మరియొక గుణము మన యెండల దేశమువారు విశేషముగా గమనింపదగినది. సుమారు 32 డిగ్రీల సెంటిగ్రేడు యొద్ద దాని స్ఫటికరూపము మారును. పగలు వేడెక్కి రాత్రి చల్లబడు రేకుల కొట్టులో ఆ గుళికలు ఉబ్బుచు తగ్గుచు చిట్లి పొడియగును. తేమ తగిలి గడ్డకట్టును. మేడ్చలులో వేసవి పగళ్ళు 40 డిగ్రీలకు చేరుట మన మెరుగనిది కాదు. కావున ఐరోపావారి చలిదేశపు గిడ్డంగిని చూచి వ్రాసిన ధైర్యవచనములు మన రేకుల కొట్టునకు వర్తింపవు.

గడ్డకట్టిన ఎరువును ఏమి చేయుదురు? జర్మనీలోని ఓపావు గ్రామమున 1921 సెప్టెంబరు 21వ తేదీన దానిని డైనమైటు పెట్టి పగులగొట్టిరి. అమ్మోనియం సల్ఫేటును నైట్రేటును కలిసిన మిశ్రమ మది. అదే పద్ధతిని అంతకు పూర్వము వేల మారులు చేసి యేమియు గాలేదు గనుక అపాయము లేదనుకొనిరి. ఆ యుదయము అయిదు వందల మందికి పైగా మరణించిరి. "ఇన్నాళ్ళు చేసితిమి, ఏమైనది?" యను వాదమునకు ఓపావు గ్రామపు గోతికంటె మించిన ప్రత్యుత్తరము లేదు.

1947 ఏప్రిలు 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో, ఐరోపా రైతుల కొరకు సుమారు 2,300 టన్నుల ఎరువును మోయుచున్న ఫ్రెంచి ఓడకు నిప్పంటినది. నీరు పోసినచో సరకు చెడునని తలుపులు మూసి ఆవిరి పట్టించిరి. ప్రాణవాయువును తనలోనే దాచుకొనిన పదార్థమునకు తలుపులు మూసిన లాభమేమి? మంట ఆరలేదు, వేడి హెచ్చినది. కనీసము 581 మంది మరణించిరి. మంట నార్పవచ్చిన ఆ యూరి అగ్నిమాపక దళము దాదాపు మొత్తము తుడిచిపెట్టుకొనిపోయెను. సరకును కాపాడబోయి జనులను పోగొట్టుకొనిరి. ఈ పాఠము మన మండలముల అగ్నిమాపక కేంద్రములలో ప్రతి జవానునకు కంఠస్థముగా నుండవలయును: ఇట్టి సరకునకు నిప్పంటినచో తలుపులు తెరువవలయును, దూరము నుండి విస్తారముగా నీరు పోయవలయును, ఇసుకతోడను నురుగుతోడను మంట నణచగలమని నమ్మరాదు, మంట సరకును చుట్టుకొనినచో జనులతో గూడ తామును తొలగిపోవలయును.

ఇంకొక యుదాహరణము చాలును. అదే టెక్సాసులో వెస్ట్ అను చిన్న పట్టణము గలదు. 1962లో అచ్చట ఒక ఎరువుల గిడ్డంగి ఊరి వెలుపల కట్టబడెను. ఊరు పెరిగినది. ఒక బడి, వృద్ధుల యాశ్రమము, అద్దె యిండ్ల భవనము దాని చుట్టుప్రక్కలనే వెలసినవి. 2013 ఏప్రిలు 17న ఆ కొయ్య గిడ్డంగికి నిప్పంటి పేలగా 15 మంది మరణించిరి. వారిలో పెక్కురు మంట నార్ప వచ్చినవారే. గిడ్డంగి ఊరిలోనికి రాలేదు. ఊరే గిడ్డంగి యొద్దకు నడిచిపోయినది.

చదువరులారా! ఈ కడపటి వాక్యమును మేడ్చల్ నడిబజారులో నిలిచి మరియొకసారి చదువుడు. 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చలు మీదుగా పోవుచున్నది. రామగుండము ఎరువుల కర్మాగారమునుండి వచ్చు రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా నగరము చేరుచున్నది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ రెంటిని కలుపుచున్నది. ఇన్ని దారులు కలియుచోట గిడ్డంగులు వెలయుట సహజము. దానిని మేము తప్పు పట్టము. కాని అదే దారి ప్రక్కన వెంచర్ల జెండాలును వెలయుచున్నవి. నిన్న ద్రాక్షతోట, నేడు ప్లాట్లు, రేపు బడి. గిడ్డంగికి అనుమతి యిచ్చు కార్యాలయమొకటి, వెంచరుకు అనుమతి యిచ్చు కార్యాలయము వేరొకటి. ఈ రెంటి పటములను ఒకే బల్లపై పరచి చూచు నధికారి యెవ్వడు? అట్టివాడు కలడేని ఆయన పేరును ప్రజలకు చెప్పవలయును. లేడేని నేడే నియమింపవలయును.

ఇక పెద్ద గిడ్డంగులను విడిచి చిన్న కొట్టుల సంగతి చూతము. ఈ ప్రాంతము ఒకప్పుడు అనాబెషాహి ద్రాక్షకు పేరెన్నికగన్నది. తోటలకును కూరగాయలకును ఎరువులమ్ము ఒక దుకాణమునకు మేమిటీవల పనిమీద పోయితిమి. దాని పేరు చెప్పుట మా యుద్దేశము కాదు, అట్టివి పెక్కులున్నవి. బిందుసేద్యమునకు వాడు పొటాషియం నైట్రేటు సంచులు ఒక వరుస. బూడిద తెగులుకు చల్లు గంధకపు సంచులు దాని నానుకొని మరొక వరుస. విద్యుత్తు పోయినప్పుడు వాడు జనరేటరు డీసెలు డబ్బా ఆ రెంటి నడుమ. పొటాషియం నైట్రే టనగా నేమి? మన తాతలు పెట్లుప్పనియు సురేకారమనియు పిలిచిన పదార్థమే. సురేకారము, గంధకము ఒకచోట చేరిన నేమగునో తుపాకి మందు దంచిన ముసలివాని నడిగిన చెప్పును. మన తాతలకు తెలిసిన సంగతి పట్టభద్రుడగు దుకాణదారునకు తెలియకపోవుటకు కారణ మేమి? సంచిపై పేరు మారినది. సురేకారమని వ్రాసియున్నచో అతడు భయపడియుండును. అంకెలతో గూడిన ఎరువు పేరు వ్రాసియున్నందున భయము పోయినది. మేము సంచులను చూపి మాటాడగా ఆయన నవ్వి, "వకీలుగారూ, తనిఖీకి వచ్చువారు స్టాకు రిజిస్టరు చూతురు గాని సంచి ప్రక్కన సంచి చూడరండీ" యనెను. ఆ మాటలో మన పరిపాలనాశాస్త్ర మంతయు నిమిడియున్నది.

రైతు ఇంటిలో స్థితి యింకను దయనీయము. పురుగుమందు డబ్బా ధాన్యపు బస్తాల మూలనే యుండును. ఒక్క గది యిల్లు గలవానికి రెండవ మూల యెక్కడిది? 1958లో కేరళమున పెరాథియాను అను పురుగుమందు ఆహారపదార్థములతో గూడ ఓడలో రాగా, అది సోకిన పిండిని దినిన వంద మందికి పైగా మరణించిరి. ఆ విషాదము పిమ్మటనే 1968 నాటి కీటకనాశినుల చట్టము పుట్టినది. 1971 నాటి నియమములు మందులను వేరు గదిలో గాని బీరువాలో గాని తాళము వేసి యుంచవలెనని విధించినవి. అయినను 2013 జూలైలో బీహారులోని ఒక పల్లెబడిలో మధ్యాహ్నభోజనము దినిన 23 మంది పసిబిడ్డలు మోనోక్రోటోఫాసు కలిసిన వంటనూనెకు బలియైరి. చట్టము పుట్టి 45 ఏండ్లైనను మందు డబ్బాకును వంట డబ్బాకును ఎడము కలుగలేదు. బిడ్డలు చదువ నేర్చుకొనుటకు బడికి పోయిరి గాని, డబ్బా మీది పుర్రెబొమ్మను పెద్దలకు చదివి వినిపించుటకు గాదు.

ఇందుకు ప్రతివాదులు చెప్పు మాటలు మూడు గలవు. మొదటిది: "ఎరువు లేనిది పంట లేదు, మీరు రైతును భయపెట్టుచున్నారు." ఎరువు వలదని మేమెన్నడు ననలేదు. 2025 వానకాలములో ఒక్క యూరియా బస్తా కొరకు తెలంగాణ రైతు తెల్లవారక ముందే చెప్పులు వరుసలో పెట్టి నిలిచిన సంగతిని మేమెరుగుదుము. యూరియా తనంతట తాను పేలునది కాదనియు, దానిని చూచి బెదరనవసరము లేదనియు ముందుగా చెప్పవలసినవారము మేమే. బ్లీచింగు పొడితో దానిని కలియనీయకుండిన చాలును. దేనికి భయపడవలెనో దేనికి భయపడనక్కరలేదో వివరించుట భయపెట్టుట కాదు. తెలియనివాడే భయపడును, తెలిసినవాడు జాగ్రత్తపడును.

రెండవది: "చట్టములు చాలినన్ని యున్నవి." ఇది నిజము, ఇందుకే మాకు కోపము. న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక ఆ జాబితాను చెప్పగలము. సంకరజాతి పంటలవలె నియమములు ఏపుగా పెరిగినవి. 1989 నాటి ప్రమాదకర రసాయనముల నియమములు, పెద్ద యెత్తున సరకు నిలువచేయువారు ప్రమాదము సంభవించినచో చేయవలసిన పనుల ప్రణాళికను సిద్ధపరుపవలెననియు, ప్రమాదమునకు లోనుగాగల చుట్టుప్రక్కల జనులకు ముందుగా తెలుపవలెననియు శాసించుచున్నవి. 1996 నాటి నియమముల ప్రకారము జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఒక సంక్షోభ నివారణ సంఘ ముండవలయును; అది 45 దినముల కొకసారి సమావేశము కావలయును; పౌరుడు అడిగినచో సమాచార మీయవలయును. 2011లో అమ్మోనియం నైట్రేటును పేలుడు పదార్థముగా ప్రకటించిరి. 2012లో దానికి ప్రత్యేక నియమములు చేసిరి. బేరూతు పిమ్మట 2021లో వానిని సవరించి, రేవులో దిగిన సరకును 500 మీటర్ల యావలి గిడ్డంగులకు తరలింపవలెననియు, పట్టుబడిన సరకును వేలము వేయవచ్చుననియు విధించిరి. ఇన్ని యున్నవి. ఈ మండలములలో తమ యింటికి అట్టి వర్తమానము వచ్చినదని చెప్పగల గృహస్థుని మేమింతవరకు కలిసికొనలేదు. చట్టము గ్రంథములోను, సరకు గిడ్డంగిలోను, జనులు అజ్ఞానములోను వేరువేరుగా భద్రపరుపబడియున్నారు!

మూడవది: "ప్రమాదము సంభవించినచో పరిహార మిత్తుము." ఈ మాటయే మిక్కిలి నీచమైనది. టెక్సాస్ సిటీ మృతుల కుటుంబములు తమ ప్రభుత్వముపై వ్యాజ్యము వేయగా, 1953లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము నలుగురు ముగ్గురు న్యాయమూర్తుల తేడాతో ప్రభుత్వమునకు బాధ్యత లేదని తీర్పు చెప్పెను. 1955లో వారి శాసనసభ ప్రత్యేక చట్టము చేసిన పిమ్మట గాని వారికి దారి దొరకలేదు. మన దేశమున న్యాయము ఇంతకంటె ముందంజ వేసినది. ఢిల్లీలో 1985 డిసెంబరున ఒక కర్మాగారమునుండి విషవాయువు వెలువడిన వ్యాజ్యములో, 1986 డిసెంబరున ప్రధాన న్యాయమూర్తి భగవతిగారి ధర్మాసనము, ప్రమాదకరమైన వ్యాపారము చేయువాడు తన తప్పు లేదని తప్పించుకొనరాదనియు, వాని పూచీ సంపూర్ణమనియు నిర్ణయించెను. ఇంగ్లండువారి పాత సూత్రములోని మినహాయింపులు మన కక్కరలేదనిరి. ఇది మన జాతి గర్వింపదగిన తీర్పు. కాని తీర్పు ఎట్టిదైనను శవము ముందుండి నడచును, న్యాయము వెనుక కుంటుచు వచ్చును. 2020 మే 7న విశాఖపట్టణములో నిలువచేసిన స్టైరీను వేడెక్కి ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. హరిత ధర్మాసనము వెంటనే 50 కోట్ల రూపాయలు జమ చేయుమనెను. మంచిదే. ఆ 50 కోట్లలో ఆ ట్యాంకిని చల్లగా నుంచుటకు ఎంత పట్టియుండెడిదో లెక్క వేయుడు.

కావున మేము కోరునది కొత్త చట్టము కాదు. ఉన్న చట్టమును గిడ్డంగి వాకిటికి నడిపింపుడని మాత్రమే మా కోరిక. మొదట, మేడ్చల్, శామీర్‌పేట, కీసర మండలములలో ఏ గిడ్డంగిలో ఏ ప్రమాదకర పదార్థము ఎంతవరకు నిలువచేయ ననుమతి గలదో ఆ పట్టికను తెలుగులో వ్రాయించి మండల కార్యాలయమునందును గ్రంథాలయమునందును ప్రకటింపవలయును. దొంగలకు తెలియునని భయమున్నచో తాళపుచెవుల సంగతి దాచుడు. అపాయము సంగతి దాచకుడు. రెండవది, కలెక్టరుగారి సంక్షోభ సంఘము ఎన్నిసారులు సమావేశమైనదో, ఏమి నిర్ణయించినదో ప్రజల కెరిగింపవలయును. మూడవది, నైట్రేటులు నిలువచేయు కొట్టులో నూనె, డీసెలు, గంధకము, కొయ్య యుండరాదు, బస్తాలు గోడకు తగులరాదు, గాలి యాడవలయును, తనిఖీదారు రిజిస్టరు విప్పుటకు ముందు తలుపు విప్పి చూడవలయును. నాల్గవది, ఇట్టి గిడ్డంగుల చుట్టు ఎంత దూరము వరకు ఇండ్లు, బడులు కట్టరాదో ఆ గీతను పటముపై గీసి, ఆ గీత లోపల వెంచరుకు అనుమతి నిరాకరింపవలయును. అయిదవది, ప్రతి రైతునకు పురుగుమందు దాచుటకు తాళము వేయదగిన చిన్న పెట్టె నొకదానిని సహకార సంఘముల ద్వారా ఇప్పింపవలయును. ఇది పెద్ద వ్యయము కాదు. ఒక్క ప్రారంభోత్సవపు పందిరి ఖర్చుతో ఒక గ్రామమునకు పెట్టెలు వచ్చును.

ప్రభుత్వమును ఇంత యడిగితిమి గనుక ప్రజలను గూడ నొక మాట యడుగుదుము. దుకాణములో గంధకపు సంచి ప్రక్కన నైట్రేటు సంచిని చూచినచో, చూడనట్లు ఎరువు కొనుక్కొని వచ్చువాడును ఆ నేరములో పాలివాడే. సమాచార హక్కు చట్టము 2005 నుండి మన చేతిలో నున్నది. పది రూపాయల దరఖాస్తుతో ఈ ప్రశ్నలన్నియు అడుగవచ్చును. పఠనాలయమున ఈ పత్రికను చేతబట్టిన మిత్రులు దీనిని మడిచి లేచిపోవుటకు ముందు, ఆ దరఖాస్తును అచ్చటనే కూర్చుండి వ్రాయుదురు గాక. చదువు వచ్చినవాడు చదువురాని పొరుగువానికి బాకీపడియుండును. ఆ బాకీ తీర్చుటకు ఇది యొక తరుణము.

బేరూతు ప్రజలకు ఆరేండ్ల గడువు దొరికినది. వారి పాలకులు దానిని పోగొట్టిరి. మనలిలో అయిదేండ్లు గడచినను దైవము మనలను కాచినది. దైవము కాచిన దానిని తమ సామర్థ్యముగా లెక్కవ్రాసికొను నధికారులకు మేము చెప్పునదేమనగా, గడువునకు తేదీ వేసి యెవ్వరును పంపరు. కొట్టు తలుపు తెరచి లోపల నేమున్నదో చూడుడు. నేడే చూడుడు.